నీళ్ళ మీద సోలార్: ప్యానెల్ వాలు 17 డిగ్రీలా, 12 డిగ్రీలా, 5 డిగ్రీలా?

తొలివెలుగు
అందరికీ నమస్కారం. ఒక నీటి నిల్వ చెరువు మీద 1 మెగావాట్ తేలియాడే సోలార్‌కి ప్రాథమిక డిజైన్ నా నెత్తిన పడింది. నేల మీదవి, కప్పుల మీదవి చేశాను గానీ నీళ్ళ మీద ఇదే మొదలు. అక్షాంశం 17 డిగ్రీలు. అలవాటు కొద్దీ దక్షిణానికి తిప్పి, అక్షాంశం ఎంతో వాలూ అంతే అని 17 డిగ్రీలతో లేఅవుట్ గీసేశాను. ఫ్లోట్లు (ప్యానెళ్ళని నీళ్ళ మీద మోసే తేలే దిమ్మెలు) అమ్మేవాళ్ళు అది చూసి నవ్వారు. "మా దగ్గర 12 ఉంది, 5 ఉంది. అంతకు మించి అడక్కండి" అన్నారు. ఇది వాళ్ళ సరుకు అమ్ముకునే మాటా, నిజంగా కారణం ఉందా?

ఇంకొకటి. మా పైఆయన "అసలు నీళ్ళ మీదే ఎందుకు, లాభాలేంటో ఒక పేజీ రాసివ్వు" అన్నారు. బ్రోషర్‌లో ఉన్నది దింపేస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతాను. కాస్త నిలబడే మాటలు చెప్పండి.

మోకూ లంగరూ
కారణం ఉంది తమ్ముడూ. నేల మీద గాలికి జవాబు చెప్పేది స్తంభం. ఇక్కడ స్తంభం లేదు, మోకు ఉంది. ప్యానెల్‌ని ఎంత లేపితే అంత తెరచాప కట్టినట్టే. ఒక మెగావాట్ అంటే ఇప్పటి ప్యానెళ్ళతో పద్ధెనిమిది వందల చిల్లర తెరచాపలు. అవన్నీ ఒకే వైపు లాగితే ఆ బరువంతా ఒడ్డు పక్కనున్న పది పన్నెండు మోకుల మీదికి వస్తుంది. నీళ్ళ మీద వాలు నిర్ణయించేది సూర్యుడు కాదు, గాలి.

లెక్కల మాష్టారు
మోకు గారి మాటకు అంకెలు కడతాను. ప్యానెల్ వెడల్పు 1.13 మీటర్లు అనుకోండి, అడ్డంగా పడుకోబెట్టాం అనుకోండి. వెనక అంచు ఎంత లేస్తుంది? 5 డిగ్రీలకు 10 సెంటీమీటర్లు, 12కి 23, 17కి 33. గాలికి ఎదురు నిలిచే గోడ ఎత్తు అది. పైగా గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి 150 అయితే ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు.

ఇక వాలు తగ్గిస్తే పోయేదెంత? 17 డిగ్రీల అక్షాంశం దగ్గర మధ్యాహ్నం ఎండనే చూద్దాం.

మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో) 17 డిగ్రీల ప్యానెల్‌కి ఎండ నిట్టనిలువుగా తగులుతుంది. 5 డిగ్రీల ప్యానెల్‌కి 12 డిగ్రీల ఏటవాలుగా తగులుతుంది. తేడా 2 శాతం పైచిలుకు.
డిసెంబరు చివర్లో 5 డిగ్రీల ప్యానెల్ దాదాపు 11 శాతం వెనకబడుతుంది.
జూన్ చివర్లో సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు కదా, అప్పుడు 5 డిగ్రీలదే దాదాపు 7 శాతం ముందుంటుంది.

మొత్తం ఏడాదికి కలిపితే నష్టం రెండు శాతం దరిదాపుల్లో తేలుతుంది. మబ్బు రోజులు ఎక్కువైతే ఇంకా తక్కువే, ఎందుకంటే మబ్బులో వెలుగు ఆకాశం అంతటి నుంచీ వస్తుంది, బల్లపరుపుగా ఉన్న ప్యానెల్‌కి ఆకాశం ఎక్కువ కనబడుతుంది. 12 డిగ్రీలు పెడితే నష్టం లెక్కలోకి రానంత చిన్నది. అక్షాంశం 45 అయితే మాత్రం ఈ కథ ఇంత తేలిగ్గా ఉండదు.

సందేహాల సంచి
మరి బ్రోషర్లో "చల్లటి నీటి వల్ల 15 శాతం అదనపు కరెంటు" అంటారే, దాంతో చూస్తే రెండు శాతం ఏపాటి? అసలు ఆ పదిహేను ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరైనా చెప్తారా?

లెక్కల మాష్టారు
ఎవరో ఒక మంచి రోజు, మంచి గంటలో కొలిచి ఉంటారు :) సిలికాన్ ప్యానెల్ వేడెక్కే ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పోగొట్టుకుంటుంది. 15 శాతం రావాలంటే నేల మీది దానికన్నా 40 డిగ్రీలు చల్లగా ఉండాలి, అదీ ఏడాది పొడుగునా. నెదర్లాండ్స్‌లోనూ సింగపూర్‌లోనూ ఫ్లోటింగ్ ప్యానెళ్ళని పక్కపక్కన కొలిచి చూసిన పరిశోధకులు చెప్పింది, నెదర్లాండ్స్‌లో 3 శాతం వరకు, సింగపూర్‌లో 6 శాతం వరకు లాభం అని. ఆ "వరకు"ని వదిలేయకండి, తొలివెలుగు గారూ. మీ పేజీలో అదే రాయండి.

మెగ్గర్ బాబు
+1. పైగా చల్లబరిచేది నీళ్ళు కాదు, నీళ్ళ మీది గాలి. ప్యానెల్ కింద ఖాళీ ఉన్న ఫ్రేమ్ రకం ఫ్లోట్ అయితే గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ డబ్బా మీద ప్యానెల్‌ని బోర్లించినట్టు కూర్చోబెట్టే రకం అయితే వెనకంతా మూసుకుపోతుంది, చెప్పుకునే చల్లదనంలో సగం అక్కడే పోతుంది. వాలు తగ్గించినకొద్దీ ఆ ఖాళీ కూడా తగ్గుతుంది, అది గుర్తు పెట్టుకోండి.

తొలివెలుగు
ధన్యవాదాలు మాష్టారూ. అయితే 17 కొట్టేశాను. ఇప్పుడు 12 దక్షిణమా, 5 తూర్పు-పడమరలా? అమ్మేవాళ్ళు రెండోదానికే ఎగబడుతున్నారు.

మోకూ లంగరూ
తూర్పు-పడమర అంటే రెండు ప్యానెళ్ళు వీపులానించుకుని పూరింటి కప్పులా ఉంటాయి. గాలి ఏ వైపు నుంచి వచ్చినా పైనుంచి జారిపోతుంది. దక్షిణం వైపు తిప్పిన వరసల్లో ఉత్తరపు గాలి ప్యానెల్ వీపు కిందికి దూరి పైకి లేపబోతుంది, తూర్పు-పడమరలో ఆ బాధ తక్కువ. మోకుల లెక్కల్లో నాకు అదే ఇష్టం.

లెక్కల మాష్టారు
నీడ లెక్క కూడా చూడండి. డిసెంబరు చివర్లో ఉదయం తొమ్మిదికి, అదే అక్షాంశం దగ్గర, 23 సెంటీమీటర్ల ఎత్తు అంచు వెనక వరస వైపు వేసే నీడ పొడవు 27 సెంటీమీటర్ల లోపే. 12 డిగ్రీల దక్షిణపు అమరికలో మనిషి నడవడానికి వదిలే ఫ్లోట్ వెడల్పే ఆ నీడను మింగేస్తుంది. అంటే నడవా ఎలాగూ ఉంటే వరసల మధ్య అదనంగా జాగా వదలక్కర్లేదు. తూర్పు-పడమరలో ఆ నడవాలు కూడా తగ్గుతాయి కాబట్టి అదే నీటి మీద ఎక్కువ ప్యానెళ్ళు పడతాయి. ఒక్కో ప్యానెల్ ఇచ్చేది కాస్త తగ్గుతుంది, ఎకరం ఇచ్చేది పెరుగుతుంది. మధ్యాహ్నం శిఖరం కొంచెం కుంగి, పొద్దున సాయంత్రం భుజాలు లేస్తాయి. మీకు నీళ్ళు ఎక్కువా, ప్యానెళ్ళు ఎక్కువా? దాన్నిబట్టే.

మెగ్గర్ బాబు
ఎకరం గురించి మాష్టారు చెప్పారు, ఎకరాన్ని కడిగేవాడి మాట కూడా వినండి. 5 డిగ్రీల మీద వాన నీరు కింది ఫ్రేమ్ అంచు దగ్గర నిలిచిపోతుంది. అది ఎండాక వేలు వెడల్పున మట్టి గీత మిగులుతుంది. ఆ గీత సరిగ్గా చివరి వరస సెల్స్ మీద పడుతుంది. ప్యానెల్ అడ్డంగా ఉంటే ఒక భాగమే దెబ్బతింటుంది, నిలువుగా ఉంటే మొత్తం ప్యానెల్ కుంటుతుంది. 10 డిగ్రీలు దాటితే వానే చాలావరకు కడిగేస్తుంది.

నీళ్ళ మీద దుమ్ము తక్కువ, నిజమే. దుమ్ము బదులు పక్షులు. నేను చూసుకున్న ఒక చోట అంచు వరసలో ఒక స్ట్రింగ్ (గొలుసులా కలిపిన ప్యానెళ్ళ వరస) ఎప్పుడూ తక్కువే ఇచ్చేది. ప్యానెళ్ళు మార్చాం, కనెక్టర్లు మార్చాం. చివరికి పొద్దున్నే పడవలో వెళ్ళి చూస్తే నీటికాకులు వరసగా రెక్కలారబెట్టుకుంటూ కూర్చున్నాయి, ప్రతి దాని కిందా సున్నం పూసినట్టు ఒక మచ్చ. ఆ మచ్చ కిందే సెల్ వేడెక్కి కాలుతుంది. మేం పడవ ఆపితే ఎగిరిపోయాయి, పడవ తిప్పగానే మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

ఇంకో మాట, తూర్పు ప్యానెళ్ళనీ పడమటి ప్యానెళ్ళనీ పొరపాటున కూడా ఒకే స్ట్రింగ్‌లో కలపొద్దు. ఇన్వర్టర్‌లో వేర్వేరు ఇన్‌పుట్లకే ఇవ్వండి.

సందేహాల సంచి
రెండు వైపులా పనిచేసే బైఫేషియల్ ప్యానెళ్ళు పెడితే నీళ్ళ మెరుపు వెనకనుంచి కలిసొస్తుందంటారు. అదీ బ్రోషరేనా?

లెక్కల మాష్టారు
కంటికి మెరుస్తుంది, లెక్కకు మెరవదు. ఎండ నిలువుగా ఉన్నప్పుడు నీళ్ళు వెనక్కి పంపేది 5 నుంచి 10 శాతం లోపు. మిగిలింది మింగేస్తాయి. అద్దంలా మెరిసేది పొద్దున సాయంత్రం ఏటవాలు ఎండలోనే, అప్పుడు ఎండలోనే సత్తువ ఉండదు. పైగా వెనక ఫ్లోట్ అడ్డం. బైఫేషియల్ కొంటే దాని రెండు వైపుల గాజు తేమను ఆపుతుందని కొనండి, మెరుపు కోసం కాదు.

నీలిఝరి
నాదో చిన్న ప్రశ్న. తెప్ప నీళ్ళ మీద తిరుగుతుంది కదా, దక్షిణం దిక్కు తప్పిపోదా?

లెక్కల మాష్టారు
తిరుగుతుంది, ఏమీ కాదు. 12 డిగ్రీల వాలుతో తెప్ప 10 డిగ్రీలు పక్కకు తిరిగినా విషువత్తు మధ్యాహ్నం నష్టం ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. వాలు చిన్నదైతే దిక్కు పట్టింపు ఉండదు. 40 డిగ్రీల వాలైతే అప్పుడు అడగండి. తిప్పుకుంటే లాభమా అని గుండ్రటి తెప్పనే సూర్యుడితో పాటు తిప్పే ప్రయోగాలు నెదర్లాండ్స్‌లో జరిగాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, కదిలే భాగం నీళ్ళలో ఉంటే మెగ్గర్ బాబు నిద్రపోడు.

మెగ్గర్ బాబు
ఇప్పటికే పోవడంలేదు మాష్టారూ.

తిరగడం కన్నా ఊగడం చెడ్డది. అల వచ్చినప్పుడు ఒకే స్ట్రింగ్‌లో ఒక ప్యానెల్ అటు, ఇంకోటి ఇటు వాలుతుంది. గొలుసులో బలహీనమైన ప్యానెల్ కరెంటే అందరిదీ. అది చిన్న నష్టం. పెద్దది కేబుల్. ఒక చోట రోజూ ఏడు గంటలకి ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఫాల్ట్ (కరెంటు లీకు) చూపించి ఆగేది, పదికల్లా దానంతట అదే బాగయ్యేది. మంచు తడి అనుకుని వదిలేశాం, అక్కడే తప్పు చేశాం. చివరికి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి ఒక్కో స్ట్రింగ్ వెతుక్కుంటూ పోతే రెండు ఫ్లోట్ల మధ్య ఒక కనెక్టర్ జారి వేలాడుతోంది. దాని చుట్టూ ఆకుపచ్చ నాచు ఉంగరం. అంటే ఎన్నాళ్ళ నుంచో మునిగి తేలుతోంది. కేబుల్ వదులుగా ఉండాలి, ఫ్లోట్లు కదులుతాయి కాబట్టి. కానీ ఆ వదులు నీళ్ళ పైనే ఉండాలి. ఆ క్లిప్ బొమ్మ మీ డ్రాయింగ్‌లో ఉందా తొలివెలుగూ?

తొలివెలుగు
లేదు. ఇప్పుడు గీస్తాను.

చేపకన్ను
లాభాల పేజీకి నా వంతు. ఆవిరి తగ్గుతుంది, ఇది బ్రోషర్ మాటే అయినా నిజం. గాలి, ఎండ రెండూ నీటికి తగలకపోతే ఆవిరి తగ్గక ఏం చేస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటు 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. దాదాపు 500 ఎకరాల నీటి మీద. ఏటా సుమారు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ప్రకటించారు.

లెక్కల మాష్టారు
ఆగండాగండి. 500 ఎకరాలంటే 20 లక్షల చదరపు మీటర్లు. భాగిస్తే 1.6 మీటర్ల నీటి మందం. ఆ 500 ఎకరాల్లో తెప్పల మధ్య తెరిచిన నీళ్ళూ ఉంటాయి కదా. కాబట్టి దాన్ని కొలిచిన అంకెగా కాకుండా పై హద్దుగా చూడండి. ఎవరి చెరువుకైనా ఇదే పద్ధతి: కప్పిన విస్తీర్ణం ఎంత, అక్కడ ఏడాదికి ఎంత మందం ఆవిరవుతుంది, అందులో ఎంత వాటా ఆగుతుంది. చెరువులో పదో వంతు కప్పి "ఆవిరి 70 శాతం తగ్గింది" అని రాస్తే మీ పైఆయన నవ్వుతారు.

సందేహాల సంచి
నేను ముందే నవ్వేశాను. 2023లో ఒక అధ్యయనం వచ్చింది, ప్రపంచంలో 1,14,555 జలాశయాల మీద 30 శాతం కప్పితే ఏటా 9,434 టెరావాట్ గంటల కరెంటట (ఒక టెరావాట్ గంట అంటే వంద కోట్ల యూనిట్లు). ముప్పై శాతం! కింద చేపలేం తింటాయి, గాలెక్కడ పీలుస్తాయి? లాభం లాభం అని ఊగిపోయేవాళ్ళు ఆ నీళ్ళలో ఒక్క బకెట్ కూడా ముంచి చూడలేదు.

చేపకన్ను
ముంచి చూసేవాళ్ళం కొందరం ఉన్నాం అండీ. కప్పితే వెలుగు తగ్గి నాచు తగ్గుతుంది. తాగునీటి చెరువుకి అది వరం, ఎందుకంటే నీటి శుద్ధిలో నాచే పెద్ద తలనొప్పి. కానీ ఆ నాచే పగలు ఆక్సిజన్ ఇచ్చేది, గాలి తాకిడి కూడా నీటిలో ఆక్సిజన్ కలిపేది. రెండూ తగ్గితే అడుగున ఊపిరాడదు. సింగపూర్ తెంగె జలాశయం మీద 60 మెగావాట్లు, 45 హెక్టార్లు, 2021లో మొదలైంది. అక్కడ ప్యానెళ్ళ మధ్య కావాలనే ఖాళీలు వదిలారు, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు పెట్టారు. కాబట్టి "ఎంత శాతం" అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. లోతు తక్కువైన, చేపలున్న సహజ చెరువు వేరు, పరిశ్రమ నీటి తొట్టి వేరు.

సందేహాల సంచి
ఈ జవాబు ఒప్పుకుంటాను. బకెట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకులు
సంతోషం. మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం, బకెట్ మీద జోకులే. వాలు, అమరిక, లాభాల దగ్గరే ఉండండి.

నీలిఝరి
భూమి మిగలడం అసలు లాభం కాదా? ఎవరూ అనలేదేంటి!

చేపకన్ను
అంత తెలిసిన విషయం అని వదిలేశాం. చైనాలో హువైనాన్ దగ్గర బొగ్గు గనుల వల్ల కుంగి నీళ్ళు నిండిన నేల మీద ప్లాంట్లు పెట్టారు. దేనికీ పనికిరాని చోటు. అది నాకు నచ్చిన ఉదాహరణ. జలవిద్యుత్ డ్యామ్ పక్కన పెడితే ఇంకా బాగుంటుంది: థాయ్‌లాండ్ సిరింధోర్న్ డ్యామ్ మీద 45 మెగావాట్లు 2021లో, ఇండోనేషియా చిరాటా మీద 192 మెగావాట్లు 2023లో. పగలు సోలార్ నడుస్తుంటే గేటు బిగించి నీళ్ళు దాచుకుంటారు, సాయంత్రం వదులుతారు. కరెంటు బయటికి పంపే లైను ముందే ఉంది. 1 మెగావాట్ చెరువుకి ఇదేం వర్తించదు గానీ, పేజీలో ఒక వాక్యం వేసుకోవచ్చు.

మోకూ లంగరూ
లాభాలు అయ్యాయి కదా, ఇప్పుడు భయాలు. జపాన్‌లో చీబా దగ్గర యమకురా డ్యామ్ మీద 13.7 మెగావాట్లు, యాభై వేల పైచిలుకు ప్యానెళ్ళు. 2019 సెప్టెంబరులో ఫక్సాయ్ తుఫాను వచ్చింది. ఒక పక్క లంగర్లు ఊడాయి. ఆ బరువు పక్కవాటి మీదికి పోయింది, అవీ ఊడాయి. తెప్ప చిరిగి ప్యానెళ్ళు ఒకదాని మీదొకటి మడతపడ్డాయి. తర్వాత మంటలు. నీళ్ళ మీద మంటలేంటని ఆశ్చర్యపోకండి, తెగిన తీగల్లో ఎండ ఉన్నంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది, స్విచ్ వేసి ఆపడానికి లేదు.

అందుకే పెద్ద తెప్ప ఒకటి కాకుండా చిన్న ద్వీపాలు. రామగుండంలో 40 బ్లాకులు, ఒక్కోటి 2.5 మెగావాట్లు, ఒక్కోదానికి 11,200 ప్యానెళ్ళు. అడుగున బరువు దిమ్మెలకు మోకులు కట్టారు.

ఇక ఎక్కడ పెట్టాలంటే: పెద్ద గాలులు ఏ దిక్కు నుంచి వస్తాయో ఆ ఒడ్డుకి దగ్గరగా. గాలి నీళ్ళ మీద ఎంత దూరం పరిగెడితే అల అంత పెద్దదవుతుంది, ఆ ఒడ్డు దగ్గర పరిగెత్తడానికి దానికి దూరం ఉండదు. దక్షిణపు ఒడ్డున చెట్లుంటే దానికి ఎడంగా, ఎందుకంటే డిసెంబరు నీడ అటునుంచే. నీరు తోడే చోటుకీ, పొంగి పారే చోటుకీ దూరంగా.

అన్నిటికన్నా ముందు నీటి మట్టం. లోతు 15 మీటర్లు, లంగరు 25 మీటర్ల దూరం అనుకోండి. మోకు 29 మీటర్లు బిగువుగా ఉంటుంది. నీళ్ళు దిగి లోతు 5 మీటర్లయిందా, అదే మోకు 28.7 మీటర్ల దూరం దాకా పోనిస్తుంది. అంటే తెప్పకి ప్రతి వైపూ మూడున్నర మీటర్లకు పైగా వదులు. ఆ వదులులోనే అది పరుగు అందుకుని గాలి విసురుకి మోకుని ఝాడిస్తుంది. తెగేది మెల్లగా లాగినప్పుడు కాదు, అలా ఝాడించినప్పుడు. సాగే రబ్బరు మోకులు, మధ్యలో వేలాడే బరువులు వాడేది అందుకే.

తొలివెలుగూ, నీ చెరువు అత్యధిక మట్టం, అత్యల్ప మట్టం చెప్పు. అడుగు ఎలా ఉందో కూడా చెప్పు.

తొలివెలుగు
రేపు వెళ్ళి చూసి చెప్తాను అన్నా.

తొలివెలుగు
వెళ్ళొచ్చాను. గట్టు మీద కొలత పలక ఉంది. నిండినప్పటికీ అట్టడుక్కి దిగినప్పటికీ తేడా 6 మీటర్లు. అట్టడుగు మట్టంలో నీటి వైశాల్యం మూడో వంతు తగ్గుతుందట. గాలి ఎక్కువగా పడమటి నుంచి. మాష్టారూ, మీ లెక్క ప్రకారం నీళ్ళు తక్కువ, ప్యానెళ్ళు ఎక్కువ అన్నమాట, కాబట్టి 5 డిగ్రీల తూర్పు-పడమర వైపే మొగ్గుతున్నాను. మెగ్గర్ బాబు గారి మట్టి గీత కోసం ప్యానెళ్ళు అడ్డంగానే వేసి, కడగడానికి ప్రతి నాలుగో వరసకి ఒక నడవా గీశాను.

ఒక చిన్న విషయం. చెరువు అడుగంతా నీరు ఇంకకుండా ప్లాస్టిక్ షీట్ పరిచి ఉంది. దాని వల్ల ఇబ్బందేం లేదు కదా?

మోకూ లంగరూ
చిన్న విషయమట!

షీట్‌లోకి మేకు దిగదు, దిగితే చెరువు ఖాళీ. దిమ్మె వేసి లాగితే షీట్ చిరుగుతుంది. అడుగు లంగర్లన్నీ మర్చిపో. మోకులన్నీ గట్టుకే కట్టాలి. అంటే ద్వీపం నడిమధ్యలో కుదరదు, మోకుల పొడుగు పెరుగుతుంది, 6 మీటర్లు దిగినప్పుడు అవి ఏటవాలుగా కిందికి వేలాడతాయి. షీట్ మడత గట్టు మీద ఎంత దూరం వచ్చిందో చూసి, దాని అవతల కాంక్రీట్ దిమ్మెలు పొయ్యాలి. ఇంకా అట్టడుగు మట్టంలో తెప్ప అంచు ఏటవాలు గట్టు మీద కూర్చుంటే, ఆ రుద్దుడికి షీట్ ఏమవుతుందో అది వేరే పేజీ.

గట్టు మట్టిదా, రాతి కట్టడమా? పైన బండి తిరిగేంత వెడల్పుందా? ఫోటోలు పెట్టు. పడమటి గట్టు నుంచి మొదలుపెట్టు.

మెగ్గర్ బాబు
ఫోటోలో పక్షులుంటే లెక్కపెట్టి చెప్పు.